అంచు కలిసిన పెంకు

నేను ఒక కుండ పెంకును. పుట్టుకతో పెంకును కాను లెండి. ఉత్తరాంధ్ర కొండల దిగువన ఒక కుమ్మరి సారె మీద నిండు కుండగా తిరిగాను, ఆవంలో కాలాను, సంతలో పదిమంది చేతా వేలి గణుపులతో కొట్టించుకుని ఖంగుమన్నాను. అసిరి ఇంటికి చేరి గంజి కాచాను. కుండ పగిలితే అశుభమని గోలపెట్టే మనుషులే నన్ను ఏరికోరి పగలగొట్టారు.

పగలగొట్టినవాడు అసిరి మొగుడు తవిటయ్య. గోనెసంచుల మిల్లులో సమ్మె నడిపినందుకు యజమాని మనుషులు అతని ప్రాణం కోసం తిరుగుతున్నారు. కొండల్లోకి పారిపోయే ముందు, పెళ్లాన్నీ తల్లినీ ఎదుట కూర్చోబెట్టుకుని, కుండను నేలకేసి కొట్టి పెంకుల్లోంచి రెండు జతలు ఏరాడు. ఒక జత అంచులు కలిస్తే ‘రా’ అని, రెండో జత కలిస్తే ‘రావద్దు’ అని. ప్రతి జతలోనూ ఒక ముక్క తనకు, ఒక ముక్క అసిరికి. అసిరి దగ్గర మిగిలిన ‘రా’ పెంకును నేనే.

మమ్మల్ని మోసేది అడ్డాకులమ్మే బంగారి. కొండ దిగి సంతకొచ్చి, పోయేటప్పుడు అమ్ముడుపోగా మిగిలిన ఆకుల కట్టలో పెంకు దూర్చుకుపోయేది. తను మోస్తున్నది రమ్మనే మాటో వద్దనే మాటో ఆమెకే తెలియదు. దారిలో ఎవరు పట్టుకున్నా దొరికేది మట్టిముక్క. ఇంకో పెంకు పెట్టి ఏమారుద్దామన్నా కుదరదు, విరిగిన అంచును దేవుడు కూడా రెండోసారి అలాగే విరవలేడు. ఆ మాటకొస్తే మనిషి సంతకం కంటే నేనే నమ్మకమైనదాన్ని. ఇంట్లోవాళ్లే పంపారని చెప్పగలను. ఆ ఇంట్లో ఎవరు పంపారో మాత్రం చెప్పలేను.

తవిటయ్య ఒక కట్టడి పెట్టాడు. "ఒక పెంకు ఒక్కసారికే. పనైపోతే రోట్లో ఏసి దంచీయాల. అది ఇంకోలి సేతికి సిక్కితే నా పేనం పోతాది."

నేను వెళ్లాను, అతను వచ్చాడు. పోతూ పోతూ ఇంకో కుండ పగలగొట్టి కొత్త జతలు పంచాడు. నన్ను ఆమె చేతికిచ్చి దంచమన్నాడు. అతను వెళ్లాక అసిరి రోకలి ఎత్తింది. మొగుణ్ణి ఇంటికి తెచ్చిన పెంకును దంచడానికి చెయ్యి రాలేదు. కొత్తవి రొంటిన దోపుకుని, నన్ను ఉప్పుకుండ వెనక దాచింది. అక్కడ కొండల్లో అతనూ నా జతను పారెయ్యలేక కొత్తవాటితోపాటే మూటలో ఉంచుకున్నాడు. ఆమె చేసిన పని అతనికి తెలియదు, అతను చేసింది ఆమెకు తెలియదు. ప్రేమలో ఉన్నవాళ్లకు కట్టడి పెట్టడమంత తెలివితక్కువ ఇంకోటి లేదు.

కొన్నాళ్లకు మిల్లు మనుషులు వీధి చివర టీ బడ్డీ దగ్గర మకాం వేశారు. అసిరి వెంటనే ‘రావద్దు’ పంపింది. అత్త సూరీడమ్మకు మాత్రం ఆ సంగతి చెప్పలేదు, బెంగపడి మంచం పడుతుందని. ముసలామె బెంగ వేరే ఉంది. కళ్లకు పొరలు కమ్ముకుంటున్నాయి, కోడలి ముఖమే మసకమసకగా ఆనుతోంది. చూపు పూర్తిగా పోకముందు కొడుకును ఒక్కసారి చూసుకోవాలి. కోడలు నన్ను ఉప్పుకుండ వెనక దాచడం ఆమె ఎప్పుడో కనిపెట్టింది. అసిరి కట్టెలకు పోయిన పూట బంగారిని పిలిచి, నన్ను ఆకుల కట్టలో దూర్చింది.

తవిటయ్య మూట విప్పి ఒక్కో ముక్కా నాకు ఆనించి చూశాడు. నా జత అతికినట్టు కలిసింది. అది ఏ కుండ ముక్కో చూసుకోలేదు. వద్దన్నాక రమ్మన్నారంటే ముప్పు తప్పిందనే కదా ఎవరైనా అనుకునేది. మా ఇద్దర్నీ కలిపి మూటగా మొలలో కట్టుకుని బయల్దేరాడు. ఊరి పక్క చెరుకు తోటలో మిల్లు మనుషులు అతన్ని నరికేశారు.

శవాన్ని ఇంటికి తెచ్చేసరికి మూట మొలలోనే ఉంది. అసిరి విప్పి నన్ను చూసింది. లోపలికెళ్లి ఉప్పుకుండ వెనక తడిమింది. అంతా అర్థమైంది. నా జతను నూతిలోకి విసిరేసింది, నన్ను పిడికిట్లో బిగించింది. నా అంచు దిగి ఆమె అరచెయ్యి తెగింది.

దహనమయ్యాక సూరీడమ్మ పచ్చిగంగ ముట్టలేదు. ఏడ్చి ఏడ్చి ఉన్న కాస్త చూపూ పోయింది. కోడలి అడుగుల చప్పుడు పోల్చుకుని దగ్గరికి పిలిచింది.

"ఒలే అసిరీ, నానే సంపుకున్నానే నా బిడ్డని. బంగారి సేత ఆ పెంకు నానే అంపినాను."

అసిరి వచ్చి అత్త పక్కన కూచుంది.

"నీ పెంకు సేరనేదు అత్తా," అంది. "బంగారి దార్లో పారేసుకుందట. నానే ఉండబట్టనేక ఇంకోటి అంపినాను. అదే సేరింది."

"నిజంగానేనా?"

"నిజమే అత్తా."

నేను ఆమె పిడికిట్లోనే ఉన్నాను. నాకు నోరు లేదు, ముసలామెకు చూపు లేదు.

"అయితే నువ్వే పొట్టన పెట్టుకున్నావే ఆడ్ని," అంది సూరీడమ్మ. ఆ గొంతులో కోపం ఉంది. కోపంతోపాటు, గుండె మీది బండ ఎవరో దించినంత తేలిక కూడా ఉంది.

కోడలు వండిన మెతుకు ఆమె మళ్లీ ఎన్నడూ ముట్టలేదు. కానీ ఆ పూట పక్కింటివాళ్లు గంజి తెచ్చిస్తే తాగింది. అసిరి గుమ్మం అవతల కూచుని, అత్త గుటకలు వేస్తున్న చప్పుడు వింటూ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.