కుదురమ్మ ఎందుకు కూర్చుంటుంది

వార్డులో అడుగుపెట్టగానే ఆ పిల్ల కళ్లు రోగికంటే ముందు స్టూలుని వెతుకుతాయి. దొరికిందా, లాక్కుని మంచం పక్కన కూర్చుంటుంది. తోటి వైద్య విద్యార్థులంతా బస్సు తప్పిపోతుందేమో అన్నట్టు నిలబడే నాలుగు ప్రశ్నలడిగి జారుకుంటుంటే, తను మాత్రం తీరిగ్గా వింటుంది. అందుకే వాళ్లు ఆమెకి కుదురమ్మ అని పేరు పెట్టారు.

అసలు సంగతి ఆమెకీ వాళ్లమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు. కదలకుండా కాసేపు నిలబడితే చాలు, రక్తమంతా కాళ్లలోకి దిగి, బీపీ పడిపోయి, మొదలు నరికిన మానులా కూలిపోతుంది. స్కూలు రోజులనుంచీ ఉన్న జబ్బే. ప్రాణం తీసేదీ కాదు, పూర్తిగా పోయేదీ కాదు. బిగుతు మేజోళ్లు, చెంబులకొద్దీ నీళ్లు, ఉప్పు, ఇవే మందులు. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదని లోకం తప్పు చేసినవాణ్ణి ఎత్తిపొడుస్తుంది. పాపం, ఈ పిల్లకి అదే మందుచీటీ.

"ఉప్పు వేసుకున్నావా? నీళ్లు తాగావా?" అని పొద్దున్నే అమ్మ ఫోను. ఆ వెంటనే, "మీ సార్‌కి చెప్పెయ్యవే తల్లీ."

"చెప్తే ఏమంటారో తెలుసా? నిలబడలేనిదానివి డాక్టరువేం అవుతావు, ఇంటికెళ్లి కూర్చో అంటారు."

  అందుకే కుదురమ్మ సార్‌కి చెప్పకుండా నెట్టుకొస్తోంది.

సర్జరీ వార్డు పెద్దసారుకి ముక్కుమీదే కోపం. ఆయన మెచ్చుకున్నాడంటే మర్నాడు కాలేజీ అంతా చెప్పుకుంటారు. ఆ రోజు రౌండ్స్‌లో, పిత్తాశయంలో రాళ్లతో చేరిన ఒక దర్జీ ఆవిడ మంచం దగ్గర ఆయన ఆగాడు. ఆవిడ కత్తి పేరెత్తితేనే వణికిపోయే మనిషి. పక్కన స్టూలు మీద కుదురమ్మ, ఆవిడ చనిపోయిన తన భర్త గురించీ, మొరాయించే కుట్టుమిషను గురించీ చెబుతుంటే వింటోంది.

"చూశారా, రోగి దగ్గర కూర్చునేది ఈ అమ్మాయి ఒక్కతే," అని పెద్దసారు మిగతావాళ్లని ఉరిమి చూశాడు. "నేర్చుకోండి. రేపు ఈవిడ ఆపరేషన్‌లో నా ఎదురుగా నిలబడేది నువ్వేనమ్మా."

వరమనుకునే ఇచ్చాడు మహానుభావుడు!  కాదనాలంటే కారణం చెప్పాలి. కుదురమ్మ మింగలేకా కక్కలేకా తలూపింది.

దర్జీ ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుంది. "లోపల నువ్వుంటావా అమ్మా? నాకు మెలకువ వచ్చేదాకా నా పక్కనే ఉంటావా?"

"ఉంటానండీ," అనేసింది కుదురమ్మ.

మర్నాడు థియేటర్లో ఆమె పని ఒక్కటే. కోసిన పొట్ట అంచుని ఇనప కొక్కెంతో పక్కకి లాగి పట్టుకోవాలి. "కదలకు," అన్నాడు పెద్దసారు. ఆమె జబ్బుకి కావలసిందీ సరిగ్గా అదే. ఆకుపచ్చ గౌను కింద కాలి వేళ్లు నేలకేసి నొక్కింది, తొడలు బిగించింది, కాలు మీద కాలు మెలివేసింది. కొంతసేపు బాగానే గడిచింది. తర్వాత మాస్కు లోపల ఆవులింత వచ్చింది. ఆమెకి మొదటి కబురు ఎప్పుడూ ఆవులింతే. ఆ వెనక చెవుల్లో హోరు, వీపు మీద చల్లటి చెమట.

పడిపోవడం ఆమెకి కొత్తేం కాదు. కానీ ముందుకి పడితే? ఎదురుగా తెరిచిన పొట్ట ఉంది.  అయినా ఇంకాస్త ఓర్చుకుందాం, ఇంకొక్క కుట్టు, అని తనకి తానే అబద్ధాలు చెప్పుకుంది. ఇంతలో చెయ్యి సడలి కొక్కెం జారింది.

"ఏయ్, సరిగ్గా పట్టుకో!"

"సార్, పడిపోతున్నాను. ఇది ఎవరైనా తీసుకోండి."

 థియేటర్ సిస్టర్ చటుక్కున కొక్కెం అందుకుంది. కుదురమ్మ వెనక్కి తప్పుకుని, గోడకి చేరగిలబడి, నేల మీదికి జారింది. అక్కడినుంచి బల్ల కింద అందరి పాదాలే కనిపిస్తున్నాయి. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు, పని ఆగలేదు. అయిపోయింది నా చదువు అనుకుని మాస్కులోనే ఏడ్చింది.

ఆపరేషన్ అయ్యాక చేతులు కడుక్కునే చోట పెద్దసారు పిలిచాడు. "ఎన్నాళ్లనుంచి?"

"స్కూల్లో ఉన్నప్పటినుంచీ, సార్."

"ఓహో! అయితే ఆ స్టూలు..."

"నా కోసమే సార్."

ఆయన ముఖం ఎర్రబడింది. "పడిపోవడం తప్పు కాదు. ముందే చెప్పుంటే పక్కన ఇంకొకణ్ణి పెట్టుకునేవాణ్ణి కదా! నువ్వు దాచింది నా దగ్గర కాదు, కళ్లు మూసుకుని పొట్ట నీ చేతికప్పగించిన మనిషి దగ్గర." చేతులు తుడుచుకుని, తువ్వాలు విసిరేశాడు. "రేపు చేతి ఆపరేషన్ ఉంది. కూర్చునే చేస్తాం. వచ్చి చావు."

పొమ్మంటాడనుకున్న నోటితో రమ్మన్నాడు. అయినా దర్జీ ఆవిడకి ఇచ్చిన మాట ఆమెని వదల్లేదు.

సాయంత్రానికి దర్జీ ఆవిడ బాగా తెలివిలోకి వచ్చింది. మంచం పక్కన స్టూలు ఖాళీగానే ఉంది. కుదురమ్మ దాని మీద కూర్చోలేక నిలబడే ఉండిపోయింది.

"నాకు తెలివొచ్చేదాకా ఉన్నావా అమ్మా?"

"లేదండీ. మధ్యలోనే కళ్లు తిరిగి పక్కకి తప్పుకున్నాను. నాకా జబ్బుంది, ముందు చెప్పలేదు. మీ మీద పడి ఉంటే..." ఖాళీ స్టూలుకేసి చూసింది. "ఇంకోటండీ. రోజూ మీ దగ్గర కూర్చున్నది మీ మీద జాలితో కాదు. నిలబడితే పడిపోతానని."

దర్జీ ఆవిడ దుప్పటి మీంచే తన కుట్లు తడిమి చూసుకుంది. కుదురమ్మ చెవుల్లో హోరు మొదలైంది.

"చెప్పకపోవడం తప్పే," అంది ఆవిడ. "అలా తెల్లబోయి నిలబడ్డావేంటి? ముందు కూర్చో."

కుదురమ్మ కూర్చుంది.

"నీ కోసమే కూర్చున్నావు, సరే. కూర్చున్నాక నా గోడంతా విన్నదెవరే? ఆ స్టూలా?"