రేవంతా వణికిన మూడు రోజులు

పొద్దున్నే పడవలు ఒడ్డుకు రాగానే ఆడవాళ్ళు వెండిచేపల్ని ఇసుక మీద ఎండబోస్తారు. ఆ చేపలు గంతులెయ్యడం మొదలైతే ముకెంబో నిద్ర లేచాడని లెక్క. అతని చేతులు వణికితే చుట్టుపక్కలవన్నీ వణికేవి. ఇంటి రేకులు, తూకంరాళ్ళు, చచ్చిన చేపలు, అన్నీ. సారా కొట్లో నబిర్యే రెండు గ్లాసులు అందించేదాకా అంతే. దాన్నెవరూ వింతగా చూసేవారు కారు. కంచాలు గుడ్డల్లో చుట్టి పెట్టుకుని ఎవరి పనిలో వాళ్ళు పడేవారు.

మొదట్లో సరస్సు మీది చలికి ఒక్క గ్లాసు తాగేవాడు. ఒళ్ళు వెచ్చబడేది. ఏడాది తిరిగేసరికి ఆ వెచ్చదనానికే మూడు కావాల్సొచ్చాయి. పోనుపోను వెచ్చదనం మాట దేవుడెరుగు, చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా తాగాల్సిందే.

ఆ ఏడాది సరస్సులోని దీవుల మధ్య పడవ పందెం వచ్చింది. రేవులో ఎవరి నోట విన్నా అదే మాట. ఇరవై తెడ్ల పడవకి వెనక చుక్కాని పట్టడంలో ముకెంబోని మించినవాడు లేడు. కానీ తాగినవాడి చేతిలో ఇరవైమంది ప్రాణాలు పెట్టనని పడవ పెద్ద బాలిదావా తేల్చేశాడు. ముకెంబోకి రోషం వచ్చింది. పందెం రెండు రోజులుందనగా అందరి ముందూ సీసాని ఇసుకలో ఒంపేశాడు. జనం ఈలలేశారు. చుక్కాని నీకేనని బాలిదావా ఒప్పుకున్నాడు. అతని భార్య నంగోబి సంబరంగా అరటికాయ ముద్ద, పల్లీల పులుసు వండింది.

మర్నాటికి రేవంతా కదిలింది. తలుపు గొళ్ళేలు టకటకలాడాయి, కోళ్ళు గూళ్ళలో నిలవలేదు. ముకెంబో చెమటలో తడిసి ముద్దయ్యాడు. తిన్న మెతుకు కడుపులో ఆగలేదు. నబిర్యే జాలిపడి గ్లాసు పట్టుకొస్తే మొహం తిప్పుకున్నాడు. మగాడంటే వీడేనని జనం మరీ రెచ్చిపోయారు. భయపడింది నంగోబి ఒక్కతే. ఆసుపత్రికి పోదాం పదమంది. పందెం అయ్యాకే అన్నాడు.

పందెం రోజు అతను చుక్కాని పట్టగానే పడవ తేనెతుట్టెలా జుమ్మంది. ఆ అదురుకి నీళ్ళే పక్కకి తప్పుకున్నాయో ఏమో, సగం దూరానికే అందరికన్నా రెండు పడవల మేర ముందున్నారు. ఒడ్డున డోళ్ళు మోగుతున్నాయి, జనం గొంతులు చించుకుని అరుస్తున్నారు.

అదే సమయానికి ఒడ్డు మలుపు దగ్గరున్న చిన్న ఆసుపత్రిలో మందు సీసాలు ఒకదానికొకటి కొట్టుకుని పగలసాగాయి. ముకెంబోకి ప్రాణం మీదికొచ్చిందని నర్సు కిసాక్యేకి అర్థమైపోయింది. పగలకుండా మిగిలిన ఇంజెక్షన్ పట్టుకుని రేవు చెక్కల మీదికి పరుగెత్తి, తెల్లగుడ్డ ఊపింది.

బాలిదావా ఆమెని చూశాడు. వెనక్కి తిరిగి ముకెంబోని చూశాడు. వాడు గాల్లో ఎవరికీ కనపడని పురుగుల్ని తోలుతున్నాడు. గెలుపు నాలుగు వందల గజాల దూరంలో ఉంది.

"పడవ తిప్పండి," అన్నాడు బాలిదావా.

ఇరవై తెడ్లూ తిరిగాయి. పడవ రేవు చెక్కలకి ఆనుతుండగానే ముకెంబో కట్టెలా బిగుసుకుపోయి ఫిట్స్‌తో కొట్టుకున్నాడు. అప్పటికే సూది సిద్ధంగా ఉంది.

తెలివొచ్చాక అతను నర్సుని అడిగాడు. "మానేస్తే మంచిదేగా అక్కా? నా ఒళ్ళే నా మీద తిరగబడిందేం?"

"సారా నిన్ను పడుకోబెడుతుంటే, నిన్ను నిలబెట్టడానికి నీ ఒళ్ళు ఏళ్ళ తరబడి రెండో పక్కకి గుంజుతూనే ఉంది తమ్ముడూ. నువ్వు ఉన్నపళంగా తాడు వదిలేశావు. మందులతో మెల్లగా సడలించాల్సింది."

"నాకెప్పుడూ తెలీలేదే."

"తెలిసేలా రాదది."

బాలిదావా చూడ్డానికొచ్చి, అందరికన్నా ఆఖరున వచ్చామని నవ్వుతూ చెప్పాడు. వచ్చే ఏడు కూడా చుక్కాని నీదే, ఎగ్గొట్టావో చంపుతానన్నాడు. ముకెంబో గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

తొమ్మిదో రోజు ఇంటికి తీసుకొచ్చాక నంగోబి టీ కాచి, గ్లాసు అంచుదాకా పోసి అతని చేతికిచ్చింది. ఆ ఇంట్లో నిండు గ్లాసు ఇవ్వడం నాలుగేళ్ళలో అదే మొదటిసారి. అతను తాగి కింద పెట్టేదాకా ఆమె నేలకేసే చూస్తూ కూచుంది. నేల మీద ఒక్క చుక్క లేదు.

"ఇంకొంచెం పొయ్యి," అన్నాడు.