బీరన్న కలుపు తీసిన పెరడు

గొర్రె నోట్లో ఆకు చూసి అది ఏ గుట్ట మీద మేసి వచ్చిందో చెప్పగలడని కురుమ బీరన్నకు పానగల్లు చుట్టుపక్కల పేరుండేది. ఆ పేరు ఎవరు పెట్టారయ్యా అంటే చాలామటుకు ఆయనే పెట్టుకున్నాడు. రజాకార్ల గడబిడలో కూడా ఒక్క పిల్లను పోగొట్టుకోకుండా మందను కాపాడుకున్న ఈ మొనగాడు, ఆ తర్వాత పదేళ్లకు ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క పెళ్లాన్ని పోగొట్టుకున్నాడు. ఆమెకేం కాలేదు, చల్లగా ఉంది. పుట్టింటికి పోయింది, అంతే. ఈ కథంతా తర్వాత్తర్వాత కల్లు దుకాణం దగ్గర కూర్చుని ఆయనే చెప్పేవాడు. ఎక్కడ నవ్వాలో కూడా ఆయనే చూపించేవాడు.

ఎండాకాలంలో, పంటలు ఇంటికి చేరాక రైతులు గొర్లమందను తమ చెలకల్లో రాత్రిపూట పెట్టించుకుంటారు. చుట్టూ తడికలు నిలబెట్టి మందను లోపలికి తోలితే తెల్లారేసరికి నేలంతా ఎరువే. బీరన్న మంద పడిన చెలక ఎట్లా పండుతుందో ఊరంతా చెప్పుకునేది. ఆయన భార్య గుర్వమ్మ మాత్రం వేరే మాట చెప్పేది.

"ఊర్లున్న చెలకలన్నిట్ల మంద పెడ్తవ్. నీ ఇంటెనక గింత పెరడున్నది. గండ్ల ఒక్క రాత్రన్న పెట్టినవా?"

పన్నెండేళ్లుగా అడుగుతూనే ఉంది. ఆ పెరడు ఆమె ప్రాణం. చేదబావిలోంచి నీళ్లు తోడి పోసి నడి ఎండల్లో కూడా వంకాయ, మిరప, కాకర, ఎర్ర కాడల పుంటికూర పండించేది. బీరన్న ఆ కూరలు కమ్మగా తినేవాడే గాని, ఆ చెట్టు ఎట్లుంటుందో ఏనాడూ వంగి చూసిన పాపాన పోలేదు. పెరడు ఆడవాళ్లది, మంద మగవాళ్లది అని ఆయన లెక్క.

ఆ ఏడు గుర్వమ్మ చుట్టాల లగ్గానికి పోయిన రోజే, మంద పెట్టించుకుంటానన్న రామచంద్రయ్య తన చెలకలో కుప్పలు ఇంకా లేవలేదని, రెండు రోజులు ఆగమని అన్నాడు. మందను ఎక్కడ పెట్టాలా అని నిలబడ్డ బీరన్నకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఆయనకు వచ్చే ఆలోచనలన్నీ బ్రహ్మాండమైనవే, ఆ తర్వాత జరిగేవే జర వేరుగా ఉంటాయి. పెరట్లో ఒక మూల కొంత ఖాళీ నేల ఉంది. అక్కడ మంద పెడితే గుర్వమ్మ వచ్చి చూసి మురిసిపోదా? మొక్కల వైపు నాలుగు తడికలు అడ్డం నిలబెట్టాడు. తాళ్లతో కట్టాడా లేదా అంటే, కట్టినట్టే చేశాడు. నులకమంచం మీద ఒరిగి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు.

లేచేసరికి డెబ్బై గొర్లు మొక్కల జాగాలో నిలబడి హాయిగా నెమరేస్తున్నాయి. మొక్కలు లేవు. అక్కడక్కడా మోళ్లున్నాయి, విత్తనానికి విడిచిన పండు వంకాయలు, పండు మిరపకాయలు నేలలోకి తొక్కుకుపోయి ఉన్నాయి. సాయంత్రం గుర్వమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. అరవలేదు, ఏడవలేదు. బీరన్నకు అప్పుడు నిజంగా భయమేసింది.

"గా నల్ల గొర్రె లేదా, అది తోసింది తడికను" అన్నాడు. "దానెనక అన్నీ వొచ్చినయ్. నోరులేని జీవాలు, వాటికేం ఎరుక."

"తడిక కట్టిందెవరు?"

"కట్టింది నేనే. తోసింది గొర్రె."

"తప్పు నాదే అని ఒక్క మాట అను. గంతే చాలు నాకు. పెరడు మల్ల పెట్టుకుంట."

బీరన్న నోరు తెరిచాడు. మాట గొంతుదాకా వచ్చి అక్కడే కూర్చుంది. లేవమంటే లేవదు. "నల్ల గొర్రెను అమ్మేస్త తియ్" అన్నాడు.

"గొర్రెతోని కాలే నాకు లగ్గం. నీతోని అయింది" అని గుర్వమ్మ చీరెలు మూట కట్టుకుంది. వంటింట్లో దాచుకున్న విత్తనాల బుడ్డి కూడా చంకన పెట్టుకుని, చిట్యాల తొవ్వలో మూడు కోసుల దూరాన ఉన్న తల్లిగారింటికి వెళ్లిపోయింది. విత్తనాలు కూడా తీసుకుపోయిందంటే ఇక రానన్నట్టే కదా అని సైదులు అన్నాడు. పక్కింటి సైదులు ఇటువంటివి చెప్పడంలో ముందుంటాడు.

బీరన్న వారం ఆగి పోయాడు. అత్త నర్సింగమ్మ కడుపు నిండా జొన్నరొట్టె పెట్టింది. ఆయన నల్ల గొర్రె దుర్మార్గాన్ని మొదటినుంచి చివరిదాకా వర్ణించాడు. గుర్వమ్మ లోపలినుంచి బయటికి రాలేదు. ఇంకో వారానికి మళ్లీ పోయి, ఈసారి తడికలు అల్లినవాడిది తప్పన్నాడు. నర్సింగమ్మ ఈసారి రొట్టె పెట్టలేదు, చల్ల పోసింది.

"అల్లుడా, నా బిడ్డ అడిగింది ఒక్క మాట. నువ్వు లోకమంత తిరిగొచ్చి గా మాటొక్కటే ఇడిసిపెడ్తున్నవ్" అంది.

తిరిగి వస్తూ తొవ్వ పొడుగునా బీరన్న తనను తాను తిట్టుకున్నాడు. మూడు అక్షరాల మాట కూడా లేదు, నాదే అంటే సరిపోతుంది, నీకేం మాయరోగం రా అని. అయినా ఇంకెవరైనా ఎదురుపడి అడిగితే మాత్రం గొర్రెదే తప్పనేవాడు. ఇంటికి వస్తే గుమ్మం బోసిగా ఉంది. కూర లేదు, మాట లేదు. ఉత్త కారంతో రొట్టె తినీ తినీ నాలుక మండిపోయింది. గుర్వమ్మ లేకపోతే తాను ఎంతటివాడో ఆ ఇరవై రోజుల్లో బాగా తెలిసొచ్చింది. ఇక ఇంట్లో ఉండలేక తమ్ముడు ఎల్లస్వామితో కలిసి మందను తోలుకుని గుట్టల దిక్కు వెళ్లిపోయాడు.

అక్కడుండగానే మృగశిర కార్తె వచ్చి మిరుగు పడింది. రెండు రోజులు ఆగకుండా, ఆ తర్వాత ఒకరోజు విడిచి ఒకరోజు వానలు. గొంగళ్లు తడిసి బరువెక్కాయి. గుట్టలకు వచ్చిన పన్నెండో రోజున మందను తమ్ముడికి అప్పగించి, పిండీ ఉప్పూ తెచ్చుకుందామని ఊరికి వచ్చాడు.

ఇంటి వెనక తలుపు తీసి అట్లాగే నిలబడిపోయాడు.

పెరడంతా పచ్చగా ఉంది. తాను మోడు చేసి వదిలిన నేల మీద ఇంత కూడా మట్టి కనిపించడం లేదు. మంద వేసిన ఎరువుకు మిరుగు వాన తోడై ఎక్కడివక్కడ లేచాయి. తొక్కుకుపోయిన పండ్లలోంచి గుంపులు గుంపులుగా మొలకలు, ఎండిన మోళ్లకు లేత చిగుళ్లు, దడి వెంబడి సన్నటి తీగ. వాన వెలిసి గంట కూడా కాలేదేమో, ఆకు ఆకు మీద నీళ్లు నిలబడి ఉన్నాయి. తడి మట్టి వాసన, పేడ వాసన కలిసి కడుపులోకి పోతుంటే బీరన్నకు సంతోషంతో ఏడుపొచ్చింది. అబద్ధమెందుకు, ఏడ్చాడు కూడా. పక్కన ఎవరూ లేరు కనుక గొంగడితో ముఖం తుడుచుకున్నాడు.

వెంటనే ఇంకో బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. పెరడు మళ్లీ వచ్చింది. పెరడే వచ్చాక ఇక తప్పెక్కడిది? అది వానలో కొట్టుకుపోయింది. గుర్వమ్మను పిలిచి చూపిస్తే చాలు, ఆ మాట అనాల్సిన పనే లేదు. ఇదంతా నా మంద ఎరువే కదా అని పైగా ఆమెకే నాలుగు మాటలు చెప్పవచ్చు. అయితే పెళ్లాం వచ్చి చూసేనాటికి కలుపు ఉండకూడదు. బీరన్న పంచె ఎగ్గట్టి జీవితంలో మొదటిసారి ఆ పెరట్లో వంగాడు.

ఆయనకు తెలిసిన శాస్త్రం ఒక్కటే. ఈ లోకంలో ఆకులు రెండు రకాలు. గొర్లు గుట్టల మీద ఇష్టంగా మేసేవి మంచివి, తక్కినవన్నీ కలుపు. మొదట చేతికి నూగు నూగుగా ఉన్న ఆకు తగిలింది. గొర్రె నోటికి గుచ్చుకుంటుందని పీకేశాడు. నలిపి వాసన చూస్తే చేదుగా ఉన్న తీగను పీకేశాడు. ఎర్ర కాడల మొక్క మీద అనుమానమొచ్చి పీకేశాడు. నున్నటి చిన్న ఆకులవాటిని ఏ గుట్ట మీదా చూసిన గుర్తు లేదు, అవి వందలు వందలు ఉన్నాయి, అన్నీ ఓపికగా పీకాడు. చిగురు వేసిన మోళ్లు చూపుకు బాగలేవని వాటినీ పెకిలించాడు. నెల కింద తన గొర్లు ఇవే ఆకులను కాడ కూడా మిగల్చకుండా తిన్నాయన్న సంగతి ఆ తెలివైన బుర్రకు తట్టనే లేదు.

దడి మీదుగా సైదులు తొంగి చూశాడు. "ఏం జేస్తున్నవే బీరన్నా?"

"పెరడు సాఫ్ జేస్తున్న."

"నీకు వొస్తదా గీ పని?"

"ముప్పై ఏండ్లసంది ఆకులే జూస్తున్న. నాకు నేర్పుతవా?"

రెండు రోజులు పట్టింది. నడుము విరిగినంత పనైంది, అరచేతులు బొబ్బలెక్కాయి. పీకినవన్నీ దడి బయట కుప్ప పోశాడు. లోపల గరిక, తుంగ, గునుగు ఒత్తుగా, తివాచీ పరిచినట్టు నిలిచాయి. ఇటువంటి పెరడు జిల్లాలో ఇంకెవరికీ ఉండదని బీరన్న అనుకున్నాడు. ఆ మాట మాత్రం నిజమే.

మూడో రోజు పొద్దున్నే అత్తగారింటి ముందు మీసం సవరించుకుంటూ నిలబడ్డాడు. "పెరడు నీ బిడ్డ ఉన్నప్పటికన్న పచ్చగున్నది. నేనే కలుపు దీసిన. నమ్మకుంటే వొచ్చి జూడుమను" అన్నాడు.

కలుపు తీశాడని వినగానే గుర్వమ్మ బయటికి వచ్చింది. మొగుడి ముఖం చూసింది, చేతులు చూసింది. "చూసి పొద్దుగూకేవరకు మల్ల వొస్త" అని తల్లితో చెప్పి, కట్టుకున్న చీరెతోనే బయలుదేరింది. మూట లేదు. ఆ సంగతి బీరన్న గమనించాడు గాని, పెరడు చూశాక ఆమే మూట పంపించమంటుందిలే అని ధీమాగా నడిచాడు. తొవ్వలో వాన ఎట్లా పడిందో, మోళ్లు ఎట్లా చిగురించాయో వర్ణిస్తూనే ఉన్నాడు. వినేకొద్దీ గుర్వమ్మ నడక వేగం పెరిగింది.

వెనక తలుపు బీరన్నే తెరిచాడు. గుర్వమ్మ లోపలికి పోయి ఒక చివరినుంచి ఇంకో చివరికి నడిచింది. వంగి గరికను పక్కకు జరిపి చూసింది. మళ్లీ ఇంకోచోట చూసింది.

"మిరప మొలకలు రాలేదా ఈడ? పండ్లు రాలినయ్ గదా శాన."

"ఎట్లుంటయవి?" అన్నాడు బీరన్న.

"నున్నగ, చిన్న చిన్న ఆకులు."

బీరన్న చూపు దడి అవతలి కుప్ప మీదికి పోయింది. ఆమె అతని చూపు పోయిన దిక్కు చూసి దడి అవతలికి నడిచింది. కుప్ప అప్పటికి వాడి నల్లబడింది. అందులోంచి ఒక్కొక్కటే తీసి పట్టుకుంది.

"గిది మిరప. గిది వంకాయ. గిది కాకర తీగ. గిది నువ్వు రోజు తినే పుంటికూర." దడి లోపలికి చెయ్యి చూపించింది. "లోపటున్నదేంది తెల్సా? గరిక, తుంగ. నాకు తోట జేసినవా, గొర్లకు మేత జేసినవా?"

బీరన్న అటూ ఇటూ చూశాడు. నల్ల గొర్రె మూడు కోసుల దూరాన గుట్ట మీద ఉంది, దానికి ఈ సంగతే తెలియదు. తడికలు గోడకు ఆనుకుని బుద్ధిగా నిలబడి ఉన్నాయి. వాన తన పని తాను చక్కగా చేసి పోయింది. సైదులైనా నీకు వొస్తదా అని అడిగాడే గాని పీకమనలేదు. ఇన్నాళ్లూ ఎవరో ఒకరు దొరికేవారు, ఇవాళ ఒక్కరూ దొరకలేదు. గుర్వమ్మ చెంగు బిగించుకుంది. ఇక పోతుందని, పోతే ఇక రాదని బీరన్నకు తెలిసిపోయింది.

"నేనే పీకిన" అన్నాడు.

ఆమె ఆగింది.

"నాకు తెల్వక పీకిన. తెల్వదని అడగలె ఎవ్వల్ని. గానాడు సుత నేనే. తడికలు కట్టనే లేదు గుర్వమ్మా, ఉత్తగ ఆనిచ్చి పండుకున్న. గొర్రె తప్పేం లేదు. తప్పు నాదే."

గొంతులో ఇన్నాళ్లు కూర్చున్నది లేచిపోయింది. దడి పక్కన కూలబడ్డాడు. గుర్వమ్మ చేతిలో ఉన్న వాడిన మొక్కను కుప్ప మీద పెట్టింది.

"ఎన్ని దినాలు పీకినవ్?"

"రెండు దినాలు."

"నడుం నొస్తలేదా?"

"మస్తు నొస్తాంది."

గుర్వమ్మ వంటింట్లోకి పోయి పొయ్యి ముందు పేరుకున్న బూడిదను చూసి ముక్కు విరిచింది. చీపురు పట్టుకుని బయటికి వచ్చింది.

"రేపు పొద్దుగాల్నే అమ్మోళ్లింటికి పో. నా చీరెల మూట, విత్తనాల బుడ్డి తీస్కరా. మిరుగు ఇంక దాటలే, మల్ల పెట్టొచ్చు. కని ఊకె తీస్కరాకు. మా అమ్మ అడుగుతది. ఏం పీకినవో, ఎట్ల పీకినవో నువ్వే చెప్పు, నీ నోటితోని."

మర్నాడు నర్సింగమ్మ వాకిట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా చేరారు. బీరన్న మధ్యలో కూర్చుని, అత్త పెట్టిన వేడి రొట్టె చేతిలో పట్టుకుని, తడిక ముడి దగ్గరినుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు. పీకినవి ఎన్నని నర్సింగమ్మ అడిగితే, నాలుగు వందలుంటే ఆరు వందలని చెప్పాడు.