సొరంగంలో దొరగారు

డ్రిల్లు మేడంకి కోపం ముక్కు మీదే ఉంటుందని బడిలో అందరికీ తెలుసు. ఆ ఏడాది అది ముక్కు దిగి ఒళ్లంతా పాకింది. ఫలితాలు తగ్గాయని హెడ్మాస్టరు ఆటల పీరియడ్లన్నీ లెక్కలకు రాసిచ్చేశాడు. ఇరవై రెండేళ్లు పిల్లల్ని పరిగెత్తించిన మనిషి స్టాఫ్ రూములో కూర్చుని హాజరు పట్టీలకు గీతలు కొట్టుకుంటోంది. లాంగ్‌జంప్ గుంటలో గడ్డి మొలిచింది.

సరిగ్గా అప్పుడే ఆమె తమ్ముడు కుక్కను తీసుకుని ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు.

"పాపకి దీని బొచ్చు పడట్లేదక్కా. ఒకటే దగ్గు. పరాయివాళ్లకి ఇవ్వడానికి మనసు రావట్లేదు."

అది జపాను జాతి షీబా. నక్క ముఖం, ఇటుక రంగు ఒళ్లు, వీపు మీదికి చుట్టుకున్న తోక. పిలిస్తే రాదు. ఒకవేళ వచ్చినా, అటువైపు తనకేదో పనుండి వచ్చినట్టు వస్తుంది. గడియారాలు బాగుచేసే ఆమె భర్త దాన్ని ఒక్క పూట గమనించి "దొరగారు" అని పేరు పెట్టేశాడు.

ఊరి చివర మైదానంలో ఆదివారాలు కుక్కలకు ఆటలు నేర్పుతున్నారని మేడం ఎక్కడో వింది. అడ్డకర్రల మీంచి దూకడం, వరసగా పాతిన గడల మధ్య మెలికలు తిరగడం, గుడ్డ సొరంగంలో దూరి అవతలికి రావడం. అన్నిటికీ గడియారం పెడతారు. ఆ మాట వినగానే ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

నేర్పే పెద్దాయన పోలీసు కుక్కలతో పాతికేళ్లు పనిచేసి రిటైరైనవాడు. దొరగారిని చూడగానే గడ్డం గోక్కున్నాడు.

"చెబితే చేసే జాతి కాదమ్మా ఇది. కొండల్లో పొదలు వెతుక్కుంటూ వేటాడిన కుక్కలు ఇవి. అక్కడ పక్కన నిలబడి చెప్పేదెవరు? దాని ముక్కు ఎటు చెబితే అటే పోతుంది. పొడుగు తాడు కట్టి కొండెక్కించండి, సంబరపడుతుంది."

"మొండి పిల్లల్ని చాలామందిని దారిలో పెట్టాన్లెండి," అంది మేడం.

మూడు నెలలు తల ప్రాణం తోకకొచ్చింది. వంటింట్లో కుర్చీల మీద చీపురుకర్ర అడ్డం పెడితే, ఉడికించిన కోడిముక్క కోసం దొరగారు గాల్లో తేలినట్టు దూకేవాడు. మైదానానికి తీసుకెళితే అలాంటి కర్రనే వాసన చూసి, పక్కనుంచి నడిచి వెళ్లిపోయేవాడు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి. మేడం అరిచింది, బతిమాలింది, ముందు తనే దూకి చూపించింది. మిగతా కుక్కల యజమానులు మర్యాదకి తలలు తిప్పుకున్నారు.

పోటీ రోజు రానే వచ్చింది. గంట మోగింది. దొరగారు మొదటి కర్ర దాటకుండా, గడల జోలికి పోకుండా, తిన్నగా సొరంగంలోకి దూరాడు. మేడం అవతలి చివరికి పరిగెత్తి చేతులు చాచింది.

రాలేదు.

లోపలికి తొంగి చూస్తే, మధ్యలో చల్లగా ముందుకాళ్లు చాపుకుని కూర్చున్నాడు. చూసేవాళ్లలో ఒకరు నవ్వారు, తర్వాత పదిమంది నవ్వారు. మేడంకి తల కొట్టేసినట్టయింది. మోకాళ్ల మీద సొరంగంలోకి పాకి, మెడపట్టీ పట్టుకుంది. అంతే, దొరగారు మనిషి గొంతుతో కేక పెట్టాడు. షీబాలకి ఆ కేక పుట్టుకతో వచ్చిన విద్య. బయటున్న వాళ్లకి మాత్రం లోపల హత్య జరుగుతున్నట్టే వినిపించింది.

"అయ్యో, కొట్టకండమ్మా!" అని ఎవరో అరిచారు.

"నేను ముట్టుకోనే లేదు!" అని లోపల్నుంచి అరిచింది మేడం. తర్వాత కుక్క వైపు తిరిగి పళ్లు కొరికింది. "ఒక్కసారి పరిగెత్తితే నీ సొమ్మేం పోయింది? పరిగెత్తేవాళ్లని ఒక్కర్ని కూడా మిగల్చలేదు కదరా నాకు!"

మాట నోరుజారాక గానీ అది ఎవర్ని అన్నదో ఆమెకు తెలియలేదు. కుక్క కేక ఆపి, చెవులు వెనక్కి వాల్చి చూసింది. ఆ ఇరుకులో, మురికి గుడ్డ వాసనలో, యాభయ్యేళ్ల మనిషి మోచేతుల మీద పడి ఏడ్చింది. చివరికి పెద్దాయన వచ్చి సొరంగం ఒక చివర ఎత్తి పట్టుకుంటే ఇద్దరూ బయటికొచ్చారు.

ఇంట్లో భర్త ఆమె చెక్కుకుపోయిన మోకాళ్లు చూశాడు. దూది, మందు తెచ్చాడు. మందు రాస్తూ ఉండబట్టలేకపోయాడు.

"హెడ్మాస్టరుని ఒక్కసారైనా అడిగావా, పీరియడ్లు ఎందుకు తీసేశావని?"

"అడిగితే ఇస్తాడా?"

"ఇవ్వడేమో. అడిగావా అని."

అడగలేదు. ఉత్తర్వు కాగితం మీద సంతకం పెట్టి, లోపల్లోపల ఉడికిపోయి, ఆ ఉడుకంతా ఇంటికి మోసుకొచ్చింది.

సోమవారం వెళ్లి అడిగింది. హెడ్మాస్టరు "చూద్దాం మేడం" అన్నాడు. ఆయన "చూద్దాం" అంటే ఏమిటో బడిలో గోడలకి కూడా తెలుసు. ఆమె బుధవారం మళ్లీ వెళ్లింది. "అన్నాను కదా, చూద్దామని," అని ఆయన విసుక్కున్నాడు.

శనివారం పొద్దున్నే పదిగజాల తాడు కట్టి దొరగారిని ఊరి వెనక కొండకు తీసుకెళ్లింది. పెద్దాయన మాట నెగ్గిందనిపించి అదో కోపం. కుక్క ఆమెను ముళ్లపొదల్లోంచి, రాళ్ల మీదుగా, వాగు ఒడ్డున బురదలోంచి లాక్కెళ్లింది. ప్రతి పొదలోనూ ముక్కు పెట్టింది. తోక విప్పారి ఊగింది. ఇంత హుషారుగా దాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఒకచోట కాలు జారి కూర్చుండిపోతే, తాడు ఒదులయ్యేదాకా వెనక్కి నడిచొచ్చి, ఆమె లేచేవరకూ ఊరికే నిలబడింది.

"తొందరేం లేదు, దొరా. వస్తున్నాను," అంది మేడం చిరాగ్గా. చీరకు అంటుకున్న పల్లేరుకాయలు ఒక్కొక్కటే పీక్కుంటూ లేచి, దాని వెనక నడిచింది.