ఉప్పు చూసే చెయ్యి

వంటమాస్టరు ఒక గుక్క మింగి, గ్లాసు మోకాలి మీద పెట్టుకుని, తేన్పు కోసం ఎదురుచూస్తున్నాడు. మందుసీసా మూతంత గ్లాసు అది. అందులో ఆస్పత్రివాళ్ళిచ్చిన పొడి కలిపిన తెల్లటి నీళ్ళు. సుద్దముక్కను చక్కెరనీళ్ళలో అరగదీసినట్టుంటాయి. గుక్కకీ గుక్కకీ మధ్య ఆగాలి. ఆగకపోతే లోపల్నుంచి నురగ నోట్లోకి తన్నుకొస్తుంది. తేన్పు వచ్చింది, తుప్పు కంపుతో. ఛీ, అనుకున్నాడు. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక అతను అన్నిటికంటే ఎక్కువసార్లు అనుకున్న మాట అదే.

ఒళ్ళంతా రోతగా ఉంది. పొట్ట మీద చిన్న చిన్న కోతలు, వాటి మీద పట్టీలు, పట్టీల అంచుల వెంబడి నల్లటి జిగురు. ఇంకా స్నానం చెయ్యొద్దన్నారు. తడిగుడ్డతో ఎంత తుడిచినా మడతల్లో చెమట పులిసిపోయి, మూటగట్టి మరిచిపోయిన మాసిన బట్టల వాసన వేస్తోంది. బరువు తగ్గాలని లోపల తిండి పట్టే సంచిలో ముప్పాతిక భాగం కోసి పారేశారు. పైన బొజ్జ మాత్రం ఏమీ ఎరగనట్టు ఎప్పటిలాగే ఒళ్ళో కూర్చుని ఉంది. ఇంత కోయించుకున్నాక ఇదేం చోద్యమో అతనికి అర్థం కాలేదు.

అతను పనిచేసేది ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో. కార్మికులు అతన్ని డ్రమ్ము అంటారు, మొహం మీదే. అతనూ నవ్వి ఊరుకునేవాడు. ఎండాకాలంలో ఒకనాడు పొయ్యి పక్కనే కళ్ళు తిరిగి పడిపోతే లేవనెత్తడం ఎవరివల్లా కాలేదు. చివరికి బంగాళాదుంపల బస్తాలు మోసే బండి మీదకు దొర్లించి, గేటుదాకా తోసుకుపోయారు. దారి పొడుగునా జనం. ఆ బండి చెక్కకు పట్టిన కుళ్ళు దుంపల కంపు ఇంకా అతని ముక్కులోనే ఉంది. కోయించుకోవడానికి ఒప్పుకున్నది డాక్టరు మాటలకు భయపడి కాదు, ఆ బండికి భయపడి.

వంటింట్లో నూనె చుర్రుమంది. ఉల్లిపాయల వాసన వచ్చి మొహాన కొట్టింది. అతను ముక్కు మూసుకుని కిటికీ వైపు తిరిగాడు. అక్క తనకోసం వండుకుంటోంది.

అక్క అతనికంటే ఏడేళ్ళు పెద్ద. తల్లి పోయినప్పుడు పీట మీద నిలబడి పొయ్యి అందుకున్న మనిషి. పాపం, వంట మాత్రం ఆమెకు అబ్బలేదు. ఉప్పు ఏనాడూ కుదిరేది కాదు. గరిటె పట్టుకొచ్చి "ఉప్పు చూడరా" అనేది. తమ్ముడు అరచెయ్యి చాపి, నాకి, తల ఊపేవాడు. అలా చూసి చూసి అతను వంటమాస్టరయ్యాడు, డ్రమ్మూ అయ్యాడు. ఇద్దరూ పోట్లాడుకుని మాటలు మానేసినా రాజీ ఆ గరిటెతోనే కుదిరేది. పెళ్ళి లేని తమ్ముడికి, మొగుడు పోయిన ఆమె ఇవ్వగలిగింది ఎప్పుడూ తిండే. ఇప్పుడు లాడ్జిలో దుప్పట్లు ఉతికే పనికి సెలవు పెట్టి వచ్చి, అదీ ఇవ్వలేక కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

ఆమె వంట వాసనకు డోకు వస్తోందని అతను ఇంటికొచ్చిన రోజునుంచీ చెప్పలేకపోతున్నాడు. చెబితే చిన్నబుచ్చుకుని పోతుంది. పోతే ఇంకెవరు వస్తారు? ఆమె తప్ప ఈ గడప తొక్కే మనిషి లేడు.

అక్క గుమ్మంలోకి వచ్చింది. గరిటె ముందుకు చాచింది గానీ చూపు వెనక పొయ్యి మీదే ఉంది.

"ఉప్పు చూడరా."

అరచెయ్యి దానంతటదే చాచుకుంది. వేడి వేడి చుక్క, అందులో గోరంత దుంపముక్క. నాకాడు, మింగాడు. నీళ్ళు తప్ప ఏదీ మింగకూడదని మింగాక గాని ఇద్దరికీ గుర్తు రాలేదు.

"అయ్యో, నా చేతులు పడిపోను! ఉమ్మెయ్, ఉమ్మెయ్ రా!"

ఎక్కడ ఉమ్ముతాడు? ముక్క రొమ్ము నడుమ ఇరుక్కుంది. కళ్ళ నీళ్ళు తిరిగాయి. నోట్లోంచి చిక్కటి నురగ తీగలు సాగి, గడ్డం మీదుగా బొజ్జ మీదికి కారింది. అక్క బేసిన్ పట్టుకుని వీపు రాసింది. కోతలన్నీ చిరిగిపోతున్నంత నొప్పితో కక్కాడు. జిగట నురగలో ఎర్రగా, నమలని దుంపముక్క పడింది. కొంత ఆమె వేళ్ళకు అంటింది. ఆ వేళ్ళను చూస్తే అతనికి ఒళ్ళు మండిపోయింది.

"నీ కూర కంపక్కా! రోజూ కంపే! నువ్వు పక్కన కూర్చుని నములుతుంటే ఆ చప్పుడుకే నాకు డోకొస్తోంది. చంపడానికొచ్చావా నన్ను?"

ఆమె బేసిన్ తీసుకెళ్ళి పారబోసింది. చెయ్యి కడుక్కుని ఆస్పత్రికి ఫోన్ చేసింది. నొప్పి తగ్గి, జ్వరం లేకపోతే మెల్లగా నీళ్ళు పట్టమని, ఏమాత్రం తేడా వచ్చినా వెంటనే తీసుకురమ్మని నర్సు చెప్పింది. నొప్పి తగ్గింది. జ్వరమూ రాలేదు.

మధ్యాహ్నం వంటింట్లోంచి ఏ వాసనా లేదు. పెరటి తలుపు వేసి ఉంది. అక్క అవతల మెట్ల మీద కూర్చుని ఇరుగుపొరుగుకు తన కక్కుడు పురాణమంతా వినిపిస్తోంది కాబోలు అని పళ్ళు కొరుక్కున్నాడు. మధ్యమధ్య ఆమె వచ్చి గ్లాసందించి, అతను తాగేదాకా మొహం అటు తిప్పుకుని నిలబడి వెళ్ళిపోతోంది. ఆమె దగ్గర సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. ఏదో ఒకటి అనాలని అతనికి ఉంది. కానీ ఈసారి రాజీ ఎలా మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియలేదు.

పొద్దు వాలుతుండగా అక్క సంచి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది.

"లాడ్జివాళ్ళు ఫోన్ చేశార్రా. పోవాలి."

పొద్దుటినుంచి ఫోన్ మోగలేదని అతనికి తెలుసు.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"వస్తాలే. మరీ సన్నబడిపోకు, గుర్తుపట్టొద్దూ?"

ఉండక్కా, అందామని నోరు తెరిచాడు. నురగతో పాటు తేన్పు వచ్చింది. తనమీద తనకే అసహ్యం వేసింది. ఆమె వట్టి చేత్తోనే అతని గడ్డం తుడిచి, ఆ చెయ్యి చీర అంచుకైనా రాసుకోకుండా సంచి ఎత్తుకుని వెళ్ళిపోయింది.

వీధిలో ఆమె చెప్పుల చప్పుడు ఆగాక అతను గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచాడు. పొయ్యి తోమి ఉంది. కూర పారబోసింది. నూనె సీసా, ఉల్లిపాయలు కూడా కనబడలేదు. గాలి ఆడక పెరటి తలుపు తీశాడు.

పై మెట్టు మీద, పాత కాగితంలో, సగం తిన్న రొట్టె ఉంది. దానితో నంజుకోవడానికి ఏమీ లేదు. మధ్యాహ్నమంతా ఆమె తలుపు అవతల, ఒక్కతే కూర్చుని, వాసన రాకుండా, చప్పుడు వినబడకుండా తిన్నది ఇదే. తీద్దామనుకున్నాడు గానీ కోతలు వంగనివ్వలేదు. ఎండకు గట్టిపడిన ఆ రొట్టె అంచు మీద పళ్ళ గుర్తులు చిన్నవిగా, దగ్గరదగ్గరగా ఉన్నాయి.