ఎత్తుపళ్ళకు పైఎత్తు

మా అమ్మాయి పేరు పెనీనా. మా సమోవా భాషలో ముత్యమని అర్థం. ముత్యం బాగానే పెరిగింది కానీ, పై పళ్ళ వరస వీధిలోకొచ్చి నిలబడితే కింది దవడ మాత్రం గడప దాటనంది. ఇక్కడ సిడ్నీలో పళ్ళ డాక్టరమ్మ ఆ ఎత్తుపళ్ళకు పైఎత్తు వేసింది. పైన ఒకటి, కింద ఒకటి, రెండు ప్లేట్లు. పళ్ళకు పళ్ళేలన్నమాట. అవి పెట్టుకుని నోరు మూస్తే కింది దవడ ముందుకు జరగాల్సిందే.

"ఎదిగే వయసు కాబట్టి దవడ ఇప్పుడు మన మాట వింటుంది. ఎదుగుదల ఆగితే ఇక ఆపరేషనే" అందావిడ.

పెనీనా ఆ మాట గట్టిగా పట్టుకుంది. తిండికి తప్ప తీసేది కాదు. మాట్లాడితే తుంపర్లు పడేవి. నేను గొడుగేసుకుని వినేవాణ్ణి.

మొన్న ఆదివారం చర్చి భోజనాల్లో ప్లేట్లు దాచుకునే డబ్బా మరిచిపోయి, వాటిని అల్యూమినియం రేకు కాగితంలో చుట్టి కంచం పక్కన పెట్టింది. మావాళ్ళ భోజనాల్లో రేకు కాగితం చుట్టినదేదీ బల్ల మీద నిలవదు. మా లూపే అక్క మిగిలిన పంది మాంసం, చేమదుంపల పొట్లాలతో పాటు దాన్నీ పాస్టర్‌గారి సంచిలో వేసి పంపించేసింది.

సంగతి తెలిసి పెనీనా మొహం పాలిపోయింది. కొత్తవి చేయాలంటే మళ్ళీ అచ్చులు తీయాలి, వారాల తరబడి ఆగాలి. వయసు ఆగుతుందా?

"పాస్టర్‌గారికి పెట్టింది వెనక్కి అడుగుతావా తమ్ముడూ? మన ఇంటా వంటా ఉందా?" అంది అక్క.

నేను కారు తాళాలు తీసి, మళ్ళీ జేబులో వేసుకున్నాను.

"నువ్వు కారు నడుపు నాన్నా, చాలు. నేనడుగుతా" అంది పెనీనా.

తలుపు తీసిన పాస్టరమ్మగారితో తడబడకుండా చెప్పింది. "అమ్మగారూ, మేమిచ్చిన సంచిలో నా పళ్ళున్నాయండి. తీసుకెళ్దామని వచ్చాను."

లోపల్నుంచి పాస్టర్‌గారు ఓ గిన్నె పట్టుకొచ్చారు. "పంది దవడ అనుకున్నాం తల్లీ. కుక్కకని తీసిపెట్టాను."

పెనీనా వాటిని కుళాయి కింద తోమి తోమి కడిగి, అక్కడే నోట్లో బిగించుకుంది. ఈలోగా పాస్టరమ్మగారు అనాసపండు కూరి కాల్చిన 'పై' అనే తీపి వంటకం ముక్కలు తెచ్చారు.

"వద్దండి. ఇవాళ ఇంక తీయను" అంది పెనీనా, తుంపర్లతో సహా.

పాస్టర్‌గారింట్లో పెట్టింది వద్దన్నవాళ్ళు మా వంశంలో లేరు. నేను నేలచూపులు చూశాను. పాస్టరమ్మగారు బుగ్గ తుడుచుకుని, పెనీనా తల నిమిరి, దాని ముక్క కూడా నా పళ్ళెంలో వేశారు. నా కూతురి దవడ కోసం ఆ పూట నా దవడలు రెండింతలు కష్టపడ్డాయి.