వృత్తి అనే గడిలో

"ఊరికే కూర్చోలేక ఏదో ఒకటి కుడుతూ ఉంటుంది లెండి."

ఇంటికి ఎవరు వచ్చినా, లోపలి నుంచి భార్య కుట్టుమిషన్ చప్పుడు వినపడగానే ఆయన నోట ఆ మాట రావలసిందే. వచ్చినవాళ్లు నవ్వేవారు. లోపల ఆమె కూడా నవ్వుకునేది గానీ తొక్కడం మాత్రం ఆపేది కాదు. ఆ వారాంతానికి స్కూలు చొక్కాలు నలభై ఇచ్చెయ్యాలి. కాలర్లే ఇంకా పద్దెనిమిది ఉన్నాయి.

వీధిలో అందరికీ ఆమె టైలరమ్మ. ఇంట్లో ఆ పేరు ఎవరి నోటా రాదు. వంట, అత్తగారి మందులు, బట్టలు ముగించుకుని తొమ్మిదింటికి మిషన్ ముందు కూర్చుంటే మళ్లీ అన్నాలవేళకే లేవడం. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. ఆయన గుమాస్తా జీతం అద్దెకీ సరుకులకీ సరిపోయేది. కూతురి కాలేజీ చదువు, అత్తగారి కళ్ల ఆపరేషన్, ఆడపడుచు పురుళ్లు అన్నీ ఈ మిషన్ తొక్కితే వచ్చినవే. ఆ సంగతి దేవుడికి తెలుసు, ఆమెకు తెలుసు. ఇంట్లోవాళ్లకూ తెలుసు, కానీ పైకి అనేవారు కాదు.

ఎన్ని వందలమంది ఛాతీకి టేపు చుట్టి కొలిచిందో లెక్కలేదు. తన రొమ్ములో గడ్డ తగిలిన రోజున మాత్రం, అది ఎన్నాళ్లుగా ఉందో డాక్టరమ్మకు చెప్పలేకపోయింది. తన ఒంటిని తాను చూసుకునే తీరిక ఎప్పుడు దొరికింది గనక! పరీక్షలయ్యాక డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. "క్యాన్సరమ్మా. ముదిరింది. కానీ చెయ్యి దాటిపోలేదు. వచ్చే సోమవారం ఆపరేషన్ చేద్దాం. ఆ తర్వాత ఆరు విడతలు కీమో ఇవ్వాలి." ఆయన ఫైలు బల్ల మీదే వదిలేసి లేచారు. ఆమే దాన్ని అందుకుని, ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది.

ఇంట్లో దాచుకున్నది పరీక్షలకే సరిపోయింది. అప్పుడు ఆమె బీరువాలోంచి కుట్టుపనివాళ్ల సంఘం కార్డు తీసింది. ఇరవై ఏళ్లుగా నెల తప్పకుండా చందా కట్టిన కార్డు. సభ్యురాలికి పెద్ద జబ్బు చేస్తే వైద్యం ఖర్చు సంఘానిదే. ఆ సాయం కోసం సంఘం ఆఫీసు నుంచి ఫారం తెచ్చుకుంది. "నీకు ఫారాలు నింపడం ఏం తెలుసు, ఇలా ఇవ్వు" అంటూ ఆయన తీసుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి, ఇంటిపెద్దగా సంతకం చేసి ఇచ్చి వచ్చారు.

మూడో రోజున ఆ ఫారం తిరిగి వచ్చింది. సంఘం కార్యదర్శి ఆమెను పిలిపించి, కళ్లద్దాలు సర్దుకుని, ఫారం ఆమె వైపు తిప్పింది. వృత్తి అనే గడిలో, 'గృహిణి. ఏ పనీ చెయ్యదు' అని ఉంది.

"ఇదేంటమ్మా! మీరు కుడతారని మాకందరికీ తెలుసు. కాగితానికి తెలియదుగా? కుట్టి బతికేవాళ్లకే ఈ సాయం. మీవారు సంతకం పెట్టి మరీ పని లేదన్నాక పైవాళ్లు పైసా ఇవ్వరు. తప్పు రాశానని ఆయనే రాసివ్వాలి. శనివారం లోపల తెండి."

ఇంటికి వచ్చి ఫారం ఆయన ముందు పెట్టింది. ఆయన చదువుకుని తల గోక్కున్నారు.

"అలవాటుగా రాసేశానే."

ఆయన మాటలో మోసం లేదు. అందుకే ఆమె గుండె కలుక్కుమంది. కోపంతోనైతే దెబ్బలాడవచ్చు. అలవాటుతో ఎలా దెబ్బలాడడం?

"సరేలే, అన్నయ్యని అప్పు అడుగుతాను" అన్నారు.

మంచం మీంచి అత్తగారు అందుకుంది. "అదే నయం. పెళ్లాం సంపాదన తిన్నానని వాడిచేత రాయిస్తావటే? నలుగురిలో వాడి మొహం ఏం కాను?"

ఆమె దేవుడి పటం ముందు కూర్చుంది. జబ్బు ఎందుకిచ్చావని అడగలేదు, ఒళ్లన్నాక వస్తాయి. "స్వామీ, నా పనంతా నువ్వు చూస్తూనే ఉన్నావు. కానీ సంఘం ఆఫీసులో కూర్చునేది నువ్వు కాదు కదా! బతికానా, సరే. బతకకపోతే, ఏ పనీ చెయ్యని మనిషినని ఆ కాగితంలో మిగిలిపోనా?" దీపం వత్తి ఎగదోసి లేచి, ఆయన దగ్గరికి వచ్చింది.

"అప్పు చెయ్యకండి. నిజం రాయండి" అంది.

ఇన్నేళ్లలో ఆ గొంతు ఆయన ఎప్పుడూ వినలేదు. తెల్లకాగితం తీసుకున్నారు. కాసేపు కలం కొరికి, రాసి, పైకి చదివారు. "నా భార్య ఖాళీ సమయంలో కుట్టుపని చేసి ఇంటికి కొంత సాయపడుతుంది."

"నాకు ఖాళీ సమయం ఎప్పుడుందండీ?"

ఆయన ఆమె రోజంతా మనసులో తిరగేశారు. పొద్దున్న వెతికారు, మధ్యాహ్నం వెతికారు, సాయంత్రం కూడా చూసి తల దించుకున్నారు. అంతలో మంచం మీది ముసలావిడ గోడ వైపు తిరిగి గొణిగింది.

"దానికి ఖాళీ ఎక్కడిదిరా! కొట్టెయ్ ఆ ముక్క. నా కళ్లు కూడా అదే బాగు చేయించిందని రాయి."

ఆయన మరో కాగితం తీశారు. ఈసారి ఎవరినీ అడగకుండా రాసుకుంటూ పోయారు. 'నా భార్య దర్జీ. ఇరవై రెండేళ్లుగా ఆమె సంపాదన లేనిదే మా ఇల్లు గడవడం లేదు. పని లేదని నేను రాసినది అబద్ధం.' చివరి మాట దగ్గర కలం కాస్త ఆగింది. అయినా కొట్టెయ్యలేదు.

ఆమె రెండుసార్లు చదివింది. కళ్లు చెమ్మగిల్లినా ఆయనకు థాంక్స్ చెప్పాలని అనిపించలేదు. ఉన్నమాట రాసినందుకు ఎవరూ ఎవరికీ రుణపడరు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, చెప్పులు వేసుకుంది.

"నేనూ రానా? సోమవారం ఆస్పత్రిలో కూడా బోలెడు కాగితాలుంటాయి. నేను నింపుతాలే" అన్నారాయన వెనకాలే వస్తూ.

"రండి, తోడుగా రండి. కాగితాలు మాత్రం నేను నింపుతాను" అని టైలరమ్మ వీధిలోకి నడిచింది.